ఖాళీలు కోసిన పాఠం

విశాలాక్షి అమలాపురం కాలేజీలో పంతొమ్మిదేళ్లు అర్థశాస్త్రం చెప్పింది. ఒక విషయం చెప్పి, "తెలిసిందాండీ?" అని ఆగేది. వెనక బెంచీ నుంచి "ఆయ్" అని వచ్చేదాకా ముందుకు కదిలేది కాదు. రాకపోతే మళ్లీ మొదటికి వెళ్లేది.

ఈ ఏడాది ఆ గ్రూపులో ఎవరూ చేరలేదు. ఆమెను దూరవిద్య వీడియోలకు వేశారు.

కెమెరా ముందు కూడా ఆగింది. నాలుగు సెకన్లు, ఒక్కోసారి ఆరు.

"ఎవరి కోసమండీ ఆగేరు?" అన్నాడు రికార్డు చేసే కృష్ణమోహన్. "ఇక్కడున్నది నేనొక్కణ్ణేనండి. ఇంటర్ తప్పినోణ్ణి. నాకు తెలిసినా తెలీకపోయినా ఒకటే."

ఖాళీలన్నీ అతను కోసేశాడు. పైనుంచి వచ్చిన సూచనల ప్రకారం "అండీ" కూడా పోయింది. ఉదాహరణలో అరటిగెల ధర పోయి "ఒక వస్తువు ధర" వచ్చింది. నలభై రెండు నిమిషాల పాఠం ఇరవై తొమ్మిదికి దిగింది. రెండు వేల మంది చూసినట్టు అంకె పడింది. ఎంతమందికి తెలిసిందో ఆ అంకె చెప్పదు. ఆ రెండు వేలలో ఒక్కరు ఎదురుపడితే చాలనుకునేది విశాలాక్షి.

డిసెంబరులో ఒక రోజు రావులపాలెంలో బస్సెక్కింది. వెనక సీటులో ఎవరి ఫోన్లోంచో తన గొంతే వినబడింది, పరుగెడుతున్నట్టు. తిరిగి చూసింది.

"ఆవిడ మీరేనాండీ?" అన్నాడు ఫోను పట్టుకున్నతను. పేరు దానం. అరటి మార్కెట్లో లారీలకు గెలలు ఎక్కిస్తాడు. ముప్పై దాటాక దూరవిద్యలో బి.ఏ. కట్టాడు. "ఒకటిన్నర స్పీడులో పెట్టుకుంటానండి. మామూలుగా పెడితే వార్తలు చదివినట్టుంటాదండి."

"డిమాండు వ్యాకోచత్వం తెలిసిందా?"

"పరీక్షలో రాసేస్తానండి. తెలవడమంటే తెలవదండి."

విశాలాక్షి సీట్లో పూర్తిగా వెనక్కి తిరిగింది. "కార్తీకమాసంలో అరటిపళ్ల ధర పెరిగితే జనం కొనడం మానేస్తారా, దానంగారూ?"

"ఎక్కడ మానతారండి? పూజకి కావాలి కదండీ."

"మామూలు రోజుల్లో పెరిగితే?"

"జాంకాయలు కొనుక్కుపోతారండి."

"ధర పెరిగితే కొనడం ఎంత తగ్గుతుందో అదే వ్యాకోచత్వం. మొదటిదానికి తక్కువ, రెండోదానికి ఎక్కువ. అంతేనండీ. తెలిసిందాండీ?"

ఆగింది. దానం కాసేపు కిటికీలోంచి చూశాడు.

"ఆయ్," అన్నాడు.

"అయితే ఇంకో రకముంది, చెబుతాను," అంటూ విశాలాక్షి ఒళ్లోని సంచి తీసి కింద పెట్టింది.

"కొత్తపేట!" అని అరిచాడు కండక్టరు. దానం లేచాడు.

"మా ఊరొచ్చేసిందండి. మిగతాది వీడియోలో చూసేస్తాలెండి."

"అందులో ఇలా ఉండదండీ," అంది విశాలాక్షి.

అతను అప్పటికే దిగిపోయాడు.