కులసుం చేతిలో ముద్ద

జబ్బార్ సేఠ్ ఇంట్లో పొద్దున లేస్తే మొదటి పని దస్తర్‌ఖాన్ దులపడం. భోజనాలకు కింద పరిచే ఎర్ర అంచు గుడ్డ అది. దండెం మీద వేస్తే నాలుగు మూరలుండేది. అన్నం వేళ పరిస్తే మాత్రం ఇంట్లో ఆకలిగా ఎందరుంటే అంత పొడుగయ్యేది. ఎవరైనా అలిగి గదిలో పడుకుంటే అక్కడిదాకా పాకి, వాళ్ల ముందు ఆగేది. దాని ముందు కూర్చున్నవాళ్లలో చివరి మనిషి చివరి ముద్ద మింగేదాకా మిగతావాళ్ల మోకాళ్లు లేచేవి కావు. ఒకసారి తన అల్లం మండీకి షోలాపూర్ నుంచి గిరాకీ వచ్చిందని సేఠ్ సగంలో లేవబోయాడు. పళ్లులేని మేనత్త ఇంకా రొట్టె చప్పరిస్తూనే ఉంది. ఆమె మింగేసరికి గిరాకీ వేరే మండీలో బేరం చేసుకుని బండి ఎక్కేసింది.

అందుకని ఆ ఇంట్లో కొట్లాటలన్నీ అన్నానికి ముందో, తర్వాతో జరిగేవి. గుడ్డను ఎవరూ వింతగా చూసింది లేదు. అది పెళ్లిలో తనతో తెచ్చుకున్న ఉమ్రావ్ బేగానికి, అంటే సేఠ్ తల్లికి, ఒకటే ఫికర్: ఉతికిన కొద్దీ అంచు వెలిసిపోతోందని.

రెండో ప్రపంచ యుద్ధం ఆగిన మరుసటేడు జహీరాబాద్ పెద్దలకు ప్రపంచంతో దోస్తీ చేయాలనిపించింది. అంజుమన్ అని ఒక సంఘం పెట్టి, దానికి ఉర్దూలో ఇంత పొడుగు పేరు పెట్టారు. మధ్యలో ఊపిరి తీసుకోకుండా ఆ పేరు పలికేవాళ్లు సభ్యుల్లో ఇద్దరే. ఈ కథ రాస్తున్నవాడు ఆ ఇద్దరిలో లేడు. జబ్బార్ సేఠ్ సదర్, అంటే అధ్యక్షుడు; సదాశివ మాస్టర్ కార్యదర్శి. దేశాల మధ్య స్నేహానికీ, ఊళ్లో పేరు తెచ్చిన పిల్లల సన్మానానికీ కలిపి ఒక పెద్ద విందు చేయాలని తీర్మానం. విదేశాలను పిలవడం కష్టం కాబట్టి, హైదరాబాద్‌లో ఆడవాళ్ల దవాఖాన నడిపే డెన్మార్క్ డాక్టరమ్మ ఇన్‌గ్రిడ్‌ను పిలిచారు.

సన్మానం ఇద్దరికి, చెరొక కప్పుతో. కాలు కింద పెట్టకుండా బీదర్ దాకా సైకిల్ తొక్కిన మక్సూద్‌కు ఒకటి. పరదా వెనకే చదివి మెట్రిక్ పాసైన కులసుంకు ఒకటి. కులసుం సేఠ్‌కు అన్న కూతురు. ఆమె పరదా దాటి రాదు కాబట్టి కప్పును సేఠే అందుకుంటాడని ముందే అనుకున్నారు.

పిల్ల చదువు సంగతి విని డాక్టరమ్మ కబురు పంపింది: పిల్ల ఇష్టపడితే విందు రోజే తనతో రైలు బండెక్కించుకుపోయి నర్సు చదువులో చేర్చుకుంటుంది. కొత్త జట్టుకు చదువు మరునాడే మొదలు. తప్పితే మళ్లీ ఎప్పుడో.

సేఠ్ ఆ కబురు వినీ విననట్టు పక్కన పెట్టాడు. "ఇంట్ల కూసొని పేరు తెచ్చింది. కప్పు కూడ ఇంట్లనే పెడ్తం. చూస్కుంట కూసుంటది."

"కప్పు చూస్కుంటనే ముసల్దయితదా?" అంది ఉమ్రావ్ బేగం.

"అమ్మీ, భాయ్ సంగతి మర్చిన్రా?"

భాయ్ అంటే కులసుం తండ్రి. అల్లం బస్తాలతో హైదరాబాద్ పోయి, కలరా సోకి, అక్కడే మట్టిలో కలిసిపోయాడు. కబురు చేరేసరికి నాలుగు రోజులైంది. ఆ నాలుగు రోజులూ ఇక్కడ అందరూ తిన్నారు, నవ్వారు. అప్పుడు తిన్న తిండి జబ్బార్ సేఠ్‌కు ఇప్పటికీ అరగలేదు.

విందు సేఠ్ ఇంటి ముందు హాల్లో, దివాన్‌ఖానాలోనే. డాక్టరమ్మ కింద కూర్చోలేకపోతుందేమోనని ఊరంతా వెతికి బల్లలూ కుర్చీలూ తెచ్చారు. ముఖ్య అతిథికి మంగలి దుకాణం కుర్చీ.

"తల ఆనించుకోను కూడ ఉంది" అన్నాడు సదాశివ మాస్టర్. అది తెద్దామన్న ఆలోచన ఎవరిదో, ఈ రచయిత అణకువ కొద్దీ చెప్పడం లేదు.

బల్లల మీద దస్తర్‌ఖాన్ పరిచారు. అది జారి కింద పడింది. మళ్లీ పరిచారు. మళ్లీ జారింది. మూలలకు రాళ్లు పెడితే రాళ్లతో సహా దిగింది.

"దానికి మెట్టెక్కుడు అలవాటు లేదు" అని ఉమ్రావ్ బేగం పరదా వెనక నుంచి చెప్పింది. బల్లలు బయటికి పోయాయి. డాక్టరమ్మ చెప్పులు విడిచి, హాయిగా మఠం వేసుకుని కూర్చుంది.

ఒక కొసన బగారా అన్నం, దాల్చా. ఇంకో కొసన, మాస్టర్ భార్య దేవమ్మ పంపిన జొన్నరొట్టె, పుండికూర. మధ్యలో ఉప్పు. గుడ్డ మనుషుల ముందు నుంచి సాగుతూ సాగుతూ, పరదా కింద నుంచి దూరి, లోపల పొద్దున్నుంచీ మెతుకు ముట్టని కులసుం ముందు ఆగింది.

అందరూ తింటుండగా మాస్టర్ స్వాగతపత్రం చదివాడు. డెన్మార్క్‌కూ జహీరాబాద్‌కూ ఉన్న అనుబంధం ఏమిటా అని అంజుమన్ చాలా తల బద్దలు కొట్టుకుంది. చివరికి రెండు చోట్లా పాలు దొరుకుతాయని తేలింది. ఆ పత్రం రాసింది ఈ కథ రాస్తున్నవాడే కనుక అంతకుమించి చెప్పను.

విందు అయింది. చేతులు కడిగించే పళ్లెం, చిలమ్చి, ముందు డాక్టరమ్మ దగ్గరికి వచ్చింది. స్టేషన్‌లో గంట కొట్టారు. ముందు స్టేషన్ నుంచి బండి బయలుదేరిందన్నమాట. సేఠ్ లేవబోయాడు. మోకాళ్లు లేవలేదు. చూస్తే ఎవరివీ లేవలేదు.

"ఎవరు తినలే?" అని పరదా వైపు అరిచాడు.

"అందరు తిన్నరు. పిల్లది ఒక ముద్ద చేతుల పట్టుకొని కూసుంది." ఉమ్రావ్ బేగం గొంతులో సంబరం దాగలేదు.

"కులసుం! తిను బిడ్డా. డాక్టరమ్మ బండి పోతది."

"తింట చాచా. ఆ బండికి నన్ను కూడ తోలుతనంటే తింట."

దివాన్‌ఖానాలో గుసగుసలు లేచాయి. కూర్చున్నచోటే అందరూ అటూ ఇటూ కదిలారు. మక్సూద్ తొడలు సైకిల్ తొక్కుతున్నట్టు ఊగాయి. డాక్టరమ్మ విషయం కనుక్కుని, తలాడించి, గడియారం చూసుకుంది. మాస్టర్ ముఖానికి చెమటలు పట్టాయి.

"సేఠ్ సాబ్, జర జల్ది ఒక మాట చెప్పున్రి."

"ఇది మా ఇంటి ముచ్చట, మాస్టర్ సాబ్."

"కావచ్చు. నాకు బయటికి పోయే పనుంది. అది నా ఇంటి ముచ్చట."

రెండో గంట కొట్టారు. సేఠ్ గొంతు తగ్గించాడు. పరదాతో కాదు, తన చేతి ఎండిన మెతుకులతో మాట్లాడుతున్నట్టు అన్నాడు: "అక్కడ నీకేమన్న అయితే నాకెవరు చెప్తరు బిడ్డా? మల్ల గట్లనే తినుకుంట, నవ్వుకుంట కూసోవాల్నా?"

లోపల కత్తెర కరకరమంది. ఈగ వాలిన బర్రె ఒళ్లు జలదరించినట్టు గుడ్డ ఒక్కసారి ఈ కొస నుంచి ఆ కొస దాకా వణికింది.

"జబ్బార్" అంది ఉమ్రావ్ బేగం. "పిల్లదాని ముందటి ముక్క కోసి ఇచ్చిన. అక్కడ అది తన ముందట పర్సుకుంటది. పెద్దది నీ ముందట ఉంటది. ఇప్పుడు లేచి చూడు."

సేఠ్ చేతులు నేలకు ఆనించి బలమంతా పెట్టాడు. లేవలేకపోయాడు. ముక్క తెగినా ముడి తెగలేదు. మరోసారి ప్రయత్నించాడు. మూడోసారి ప్రయత్నించేటప్పుడు అతను లేవకూడదనే కోరుకుంటున్నాడని పక్కన కూర్చున్నవాళ్లకు అర్థమైంది.

"అది తిన్నదో లేదో రోజు నీ మోకాళ్లనడుగు" అంది తల్లి.

సేఠ్ భుజం మీది రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. "పో బిడ్డా. వేళకు తిను."

పరదా వెనక కులసుం ముద్ద మింగింది. దివాన్‌ఖానా నిండా మోకాళ్లు పటపటమన్నాయి. అందరికన్నా ముందు పరిగెత్తింది మాస్టర్. డాక్టరమ్మా, బురఖాలో కులసుం, చేతిలో ట్రంకుతో సేఠ్ స్టేషన్ చేరేసరికి బండి కదలబోతోంది. కప్పులు ఇవ్వడం అందరూ మరిచిపోయారు.

ఆ తర్వాత ఆ ఇంట్లో మధ్యాహ్నం భోజనానికి గడియారం పనికిరాలేదు. సేఠ్ తినేసి కూర్చుంటాడు. గిరాకీలు గడప బయటే నిలబడి బేరం చేస్తారు. లోపలికొచ్చి కూర్చుంటే తామూ లేవలేమని వాళ్లకు తెలుసు. ఒకనాడు సాయంత్రం నమాజుకు అసర్ అజాన్ అయినా మోకాళ్లు వదల్లేదు. మండీ మూతపడే వేళయింది. సేఠ్ చేతి మెతుకులు ఎండి రాలిపోయాయి.

"ఇంక తినలేదా పోరి? ఎంత పని చెప్తున్నరో!" అని కదిలాడు, కసిరాడు, తల్లి వైపు చూశాడు. ఎదురుగా ఉమ్రావ్ బేగం తస్బీ పూసలు తిప్పుతూ కూర్చుంది. ఆమె మాత్రం ఎక్కడికి పోగలదు?

చీకటి పడబోతుండగా సేఠ్ మోకాళ్లు మెల్లగా వదులయ్యాయి.

"తిన్నది" అన్నాడు తల్లితో.

అయినా వెంటనే లేవలేదు. కాసేపు అక్కడే కూర్చున్నాడు.