ఎర్రబడ్డ లీజు

పెద్దకోడలు సంచీలో ముందు లాప్‌టాప్ పెట్టింది, దాని మీద తువ్వాలు, ఆ పైన జ్వరం మాత్రలు. అంతలోనే అన్నీ బయటికి తీసి, మళ్ళీ మొదటినుంచి సర్దింది.

"అక్కా, నేను వెళ్తోంది మీటింగుకి. కాపురానికి కాదు," అంది చిన్నకోడలు జడ అల్లుకుంటూ.

"నీ నోటికో మూత కూడా పెడదామనుకున్నా. సంచీలో చోటు లేదు."

"మూత పెడితే మన సరుకు ఎవరమ్ముతారు, నువ్వా? ఫోన్ మోగితేనే నీళ్ళు నములుతావు!"

అదీ నిజమే. తోడికోడళ్ళంటే ఉప్పూ నిప్పూ అంటారు గానీ, ఈ ఇద్దరూ మేడ మీద గదిలో చెరో బల్లా వేసుకుని ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. రాసింది పెద్దామె, తిరిగి చూపించేది చిన్నామె. చమురు, గ్యాసు తవ్వే కంపెనీలు రైతుల దగ్గర లీజుకు తీసుకున్న పొలాలేవి, ఏ లీజు ఎప్పటిదాకా నిలుస్తుంది అన్నది ఎక్కడ కూర్చున్నా నెట్‌లో తెరిచి చూసుకోవచ్చు. ఇప్పటిదాకా కొన్న నాథుడు లేడు. ఈ కంపెనీ కూడా వద్దంటే గదికి తాళం వేసి, ఎవరి వంటింట్లోకి వాళ్ళు పోవడమే.

మర్నాడు ఆ మీటింగును పెద్దామె ఇంట్లో తన తెర మీద చూస్తోంది. పొడుగు బల్ల, చుట్టూ ఆఫీసర్లు, ఓ చివర చిన్నకోడలు. కంపెనీ తన పటాలూ, బావుల్లో చమురు కొలిచే మీటర్లూ ముందే వీళ్ళ సాఫ్ట్‌వేర్‌కి కలిపి ఇచ్చింది. పటం మీద పొలాలన్నీ పచ్చగా వెలిగాయి, ఒక్కటి తప్ప. అది ఎర్రగా ఉంది, అంటే లీజు చేజారబోతోందని.

డైరెక్టర్ కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "ఏంటమ్మా ఇది? మాకున్నవాటిలో మంచి బావి అది. చమురు వచ్చినంతకాలం లీజు మాదే కదా?"

"వచ్చినంతకాలం మీదేనండి. ఆగి మూడు నెలలైతే పొలం రైతుదైపోతుంది."

"ఆగడమేంటి? అక్కడి ట్యాంకు రోజూ నిండుతుంటే! బతికున్న బావిని చంపేశారు కదమ్మా!"

బల్ల చుట్టూ నవ్వులు. చిన్నకోడలు కెమెరా వైపు తిరిగింది. "అక్కా, తప్పా ఒప్పా?"

పెద్దామెకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ బావి మీటరు తెరిచింది. సున్నా. వెనక్కి వెళ్ళినకొద్దీ సున్నాలే. మరి ట్యాంకు ఎలా నిండుతోంది? పైపుల పటం తెరిచింది. ట్యాంకులోకి వచ్చేది ఒక పైపు కాదు, రెండు. రెండోది గట్టు అవతల ఇంకో రైతు పొలంలోని బావిది.

"ఒప్పే," అంది. "ట్యాంకును నింపుతోంది పక్క పొలం బావి. మీరు ట్యాంకును చూస్తున్నారు, లీజేమో పొలానిది. కావాలంటే బావి దగ్గరికి ఫోన్ చెయ్యండి."

డైరెక్టర్ అందరికీ వినపడేలా ఫోన్ పెట్టాడు.

"ఆ పంపు చెడిపోయి చాన్నాళ్ళయింది సార్," అంది అవతలి గొంతు. "పక్క బావి దంచి పోస్తోంది కదా అని ఊరుకున్నాం. అన్నట్టు సార్, వేరే కంపెనీ కారొకటి ఆ చెడిన పంపున్న పొలం రైతు ఇంటిముందు నిన్నటినుంచీ కదల్లేదు."

నవ్వినవాళ్ళంతా తెర మీది ఎర్ర పొలం వైపు వంగి చూశారు.

"గడువెప్పటిదాకా?" అన్నాడు డైరెక్టర్.

"ఎల్లుండితో సరి," అంది చిన్నకోడలు.

ఆ పూటే కొత్త మోటారుతో లారీ బయల్దేరింది. గడువు ఇంకా ఉండగానే పంపు తిరిగింది. ఇంట్లో కూర్చున్న పెద్దామె కళ్ళముందే మీటరు కదిలి, ఎర్రటి పొలం పచ్చబడింది. ఆమె పెట్టిన కేకకి ఏం మునిగిందోనని భర్త మెట్లెక్కి పరిగెత్తుకొచ్చాడు. అంతలో ఫోన్ మోగింది. ఈసారి నీళ్ళు నమల్లేదు.

"నవ్విన నాపచేనే పండిందక్కా! సంతకం పెట్టేశారు! వెక్కిరించినాయనే నాకు టీ తెచ్చిచ్చాడు!"

"పంచదార సరిపోయిందా?"

"నువ్వు గెలిచావే అక్కా అంటుంటే పంచదార అంటావేంటి!"

కంపెనీ తన బావులన్నిటికీ వాళ్ళ సాఫ్ట్‌వేరే పెట్టుకుంది. దాన్ని చూసి మరో రెండు కంపెనీలు వచ్చాయి. మేడ మీద గదిలో కొత్త బల్లలు పడ్డాయి, కొత్త మనుషులు వచ్చారు. బావుల దగ్గర పని నడిపించడానికి చిన్నకోడలే కావాలన్నారు, ఆమె సరేనంది. వేసవి మొదట్లో మరిది కూడా సామాను కట్టుకుని అక్కడికే వెళ్ళాడు. చిన్నకోడలు ఆ వేసవిలో తిరిగి రాలేదు. ఆ తర్వాత ఏ ఏడూ రాలేదు; మీటింగుకని వెళ్ళినామె కాపురం అక్కడే పడింది.