బోర్డు మీది, మిషన్లు కదలవు

ఆగమ్మ ఫ్యాక్టరీ గేటు దాటేసరికి, సీసాల్లో డ్రింకు నింపే మిషను తాళ్ళు కట్టుకుని లారీలోకి ఎక్కుతోంది. సేటు గోపాలరాజు చచ్చి వారమన్నా కాలేదు. పెద్దకర్మ అయ్యేదాకా మైల, అందాకా ఫ్యాక్టరీ తెరవం, ఎవరూ రావద్దని చెప్పింది సేటు తమ్ముడు నరసరాజే. పాపం, చచ్చినాయన మీది మర్యాదకొద్దీ ఆడవాళ్ళందరూ తలలూపి ఇంటిపట్టున ఉన్నారు. ఆ మైల పనివాళ్ళకు అంటింది గానీ లారీలకు అంటలేదు. శవాల మీద పేలాలు ఏరుకునేవాళ్ళకు మైలేమిటి, మడేమిటి!

గోపాలరాజు బొంబాయి కూల్‌డ్రింకు కంపెనీ దగ్గర దాని పేరు వాడుకునే ఒప్పందం తెచ్చుకుని పటాన్‌చెరు పక్కన ఈ షెడ్డు వేశాడు. పేరూ ఎసెన్సూ కంపెనీవి. షెడ్డూ మిషన్లూ రాజువి. చాకిరీ పక్కనున్న ముత్తంగి ఊరి ఆడవాళ్ళది. కాస్టిక్ సోడా కలిపిన వేడినీళ్ళలో సీసాలు కడిగి కడిగి ఆగమ్మ వేళ్ళకు గోళ్ళే సరిగా మొలవడం మానేశాయి. ఈ పని పోతే ఆమెకు మళ్ళీ కూలీల అడ్డా మీద నిలబడడమే గతి.

ఆమె ఊళ్ళోకి పరుగెత్తి అందరినీ పిలుచుకొచ్చింది. గేటు ముందు జనం నిండిపోయారు. టై కట్టుకున్న కంపెనీ ఆఫీసరు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని సంగతి చెప్పాడు. ఒప్పందం గోపాలరాజుతో, ఆయన చచ్చాడు, ఒప్పందమూ చచ్చింది. తమ్ముడికి ఇవ్వరట. కంపెనీ ఇంకోచోట సొంతంగా ప్లాంటు పెట్టుకుంటుందట, ఈ మిషన్లు తమ్ముడి దగ్గర కొనుక్కుందట. పనివాళ్ళెవరో దానికి తెలియదట.

ఆడవాళ్ళు నరసరాజు వైపు తిరిగారు. నోట్లో వేలు పెడితే కొరకలేనంత అమాయకంగా మొహం పెట్టాడు పెద్దమనిషి.

"అంతా అన్నయ్యతోనే పోయిందమ్మా. ఇక నాదేముంది? మీరు కంపెనీనే అడుక్కోండి."

ఎంగిలి విస్తరిని అటు నుంచి ఒకడు, ఇటు నుంచి ఒకడు కాలితో తోసినట్టుంది వ్యవహారం. మిషను నడిపే మొగులయ్య, పెద్దోళ్ళతో మనకెందుకు, కాళ్ళావేళ్ళా పడితే కొత్త ప్లాంటులో పెట్టుకుంటారేమోనని నసిగాడు. మొగోడివై ఆ మాట అనడానికి నోరెట్లా వచ్చిందని ఆగమ్మతో పాటు సీసాలు కడిగే సత్తెమ్మ దులిపేసింది. కాళ్ళు పట్టుకుంటే చెప్పులే దొరుకుతాయంది. కాసేపు వాళ్ళలో వాళ్ళకే కయ్యమైంది. ఆఫీసరు గడియారం చూసుకుని నవ్వాడు. ఆ నవ్వుకు ఆగమ్మ ఒళ్ళు మండింది.

"సేటు సచ్చిండు, ఒప్పుకుంటం. మేం సావలే. పేరు మీదే గదా, తీస్కపోండ్రి."

ఆమె మిషను విప్పి పడేసిన పానా తీసి మొగులయ్య చేతికి ఇచ్చింది. అతను తలవంచుకుని నిచ్చెనెక్కాడు. కంపెనీ బోర్డును విప్పి కిందికి దించి, ఆఫీసరు బూట్ల ముందు పడేశాడు.

"మిషన్లు మాత్రం కదలయి," అంది ఆగమ్మ. "గీ మిషన్ల మీద రేపటి సంది ఉత్త సోడ నింపుతం. దానికి మీ బొంబాయి పేరు అక్కెర లేదు."

ఆఫీసరు నవ్వు ఆగిపోయింది. నరసరాజు ఫోను దగ్గరికి పరుగెత్తాడు. అన్న చితి దగ్గరికి కూడా అంత జల్దీగా పోయి ఉండడు.

పోలీసు జీపు వచ్చేసరికి ఆడవాళ్ళు లారీ చక్రాల ముందు పడుకుని ఉన్నారు. లాఠీలు లేచాయి. సత్తెమ్మ తల పగిలింది. ఒక్కరూ లేవలేదు. ఆగమ్మను జుట్టు పట్టి ఈడ్చుకెళ్ళి జీపులో వేశారు. పక్క ఇనుప ఫ్యాక్టరీలో షిఫ్టు దిగినవాళ్ళు ఆ కేకలకు ఆగారు. తెలుగోళ్ళు, బిహారీలు, అందరూ టిఫిను డబ్బాలు గోడవార పెట్టి గేటులోకి తోసుకొచ్చారు. అంత జనాన్ని చూసి పోలీసులు గోడకు జరిగారు. లారీ డ్రైవరు తాళం చెవి విసిరేసి దిగిపోయాడు. మొగులయ్య లారీ ఎక్కి మిషనుకు కట్టిన తాళ్ళు కోయసాగాడు.

జీపు కదిలింది. ఆగమ్మ నెత్తురు ఉమ్మి, కిటికీలోంచి తల బయటపెట్టింది.

"మొగులయ్యా, బోల్టులు గట్టిగ బిగియ్యి."

పోలీసు ఆమె తలను లోపలికి నొక్కాడు. వెనక నుంచి వందమంది గొంతులు కలిపి మిషను దించుతున్న చప్పుడు జీపు మలుపు తిరిగినా వినిపిస్తూనే ఉంది.