పోలిరాజు చెవి మీద నా పగ

నేను ఒక రొద పెట్టెను. బిస్కెట్ల డబ్బా అంత ఉంటాను, పుట్టుకతోనే కోపిష్టిదాన్ని. ఒకరి మాట మరొకరు దొంగతనంగా వినకుండా చెయ్యడం నా వృత్తి. కాబట్టి మీ జాతి మీద నాకు సదభిప్రాయం లేదు. పక్కింట్లో గొంతు పెరిగితే కుళాయి కట్టేసి మరీ చెవులు రిక్కించే మనుషులు మీరు. ఇప్పుడు నా కథ వింటున్నారంటే నేను చెబుతున్నాను కాబట్టి, అంతే.

విశాఖపట్నంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ మేడం నన్ను తయారు చేసింది. ఆవిడ దగ్గరికి చేపలరేవు నుంచి ఎల్లాజీ అనే బోటు డ్రైవరు వచ్చాడు. వాడి ఏడుపంతా పోలిరాజు గురించే. పోలిరాజు అదే రేవులో ఇంకో బోటు డ్రైవరు.

“మేడమ్మా, చందువ సేపలు పడ్డ చోటు మా బావమరిదికి రేడియోలో సెప్తానా, నాను రెండో వల దించేలోపు ఆడు పక్కకొచ్చి దించేత్తన్నాడు. ఆడు సేపని ఎతకడు, రేడియోలో నన్ను ఎతుకుతాడు. నా మాటకి ఏదైనా తాళం ఎయ్యండి.”

“తాళం వేసిన మాటను ఇంటికి పట్టుకెళ్ళి తీరిగ్గా పగలగొట్టొచ్చు, ఎల్లాజీ గారూ,” అంది మేడం. “అసలు చెవినే పడని మాటను ఏం పగలగొడతాడు?”

అదీ నేను! నాకు నాలుగు ఏరియల్ కడ్డీలు. ఎల్లాజీ రేడియో నొక్కి మాట్లాడినంతసేపూ మాటతో పాటు రొద కూడా వదులుతాను. బావమరిది సింహాద్రి బోటు ఉన్నచోట నాలుగు కడ్డీల రొదా ఒకదాన్నొకటి కొట్టుకుని చస్తుంది, మాట మాత్రం మిగులుతుంది. మిగతా సముద్రమంతటికీ రేకు మీద వాన పడ్డట్టు వినిపిస్తుంది. రేడియో తీగ నా కడుపులోంచే పోతుంది గనుక నన్ను దాటి ఒక్క ముక్క బయటికి పోదు. నా పక్కన ఒక ఎర్ర మీట పెట్టి, “ఆపద వస్తే ముందు దీంతో రొద ఆపండి, అప్పుడే మీ మాట అందరికీ వినిపిస్తుంది” అని మేడం మూడుసార్లు చెప్పింది.

బోటు మీద ఎల్లాజీ, ఇంకో అయిదుగురు. అందులో దానయ్య ఒకడు. దానయ్య చెల్లెల్ని పోలిరాజు తమ్ముడికిచ్చారు. ఆ రేవులో ఎవరి రక్తం ఎవరింట్లో ఉందో చెప్పలేం. ఎల్లాజీ నా ఎర్ర మీటను చూశాడు, దానయ్యను చూశాడు. మర్నాడు పొద్దున బోటుకు చిల్లులు పూడ్చే రెసిన్ డబ్బా తెచ్చి, నా మీట మీద, తీగల మీద పెంకు కట్టేదాకా పూశాడు. వాళ్ళకు రోగమేదైనా మందు రెసినే.

దానయ్యకు ఒళ్ళు మండింది. “నన్ను దొంగంటన్నావేటి అన్నయ్యా? రేవంతా ఇనిపించేలా రేడియోలో అరిసేది నువ్వు కాదేటి?”

“నోరు ముయ్యరా! మీ సెల్లి మొగుడింటికి కబురెల్లే దారి మూసేత్తన్నాను, అంతే.”

ఇంత గట్టి అనుమానం నాకెంత నచ్చిందో చెప్పలేను. ఆ మొదటి వేట చూడాల్సింది! ఎల్లాజీ ఎప్పట్లాగే నాలుగు ముక్కల్లో చోటు చెప్పి ఆపేశాడు. సింహాద్రి వచ్చి వల దించాడు. పోలిరాజు ఎటో తూర్పుకు పోయి ఖాళీ వల లాక్కున్నాడు. చచ్చినోడా, కడుపు నిండిందా అనుకున్నాను. మూడు నెలలు వాడికి నా వాన తప్ప ఏమీ వినిపించలేదు.

నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం ఎవడో వదిలేసిన వల మా బోటు కింద తిరిగే ఫ్యానుకు చుట్టుకుంది. ఇంజను గింజుకుని ఆగిపోయింది, ఇరుసు పక్కన చెక్క పగిలి నీళ్ళు తన్నుకొచ్చాయి. దానయ్య కిందికి దిగి, పగులుకు గోనె అడ్డంపెట్టి దానికి వీపు ఆనించి కూర్చున్నాడు. మిగతావాళ్ళు బకెట్లతో తోడుతున్నారు. ఎల్లాజీ రేడియో అందుకున్నాడు.

“బావా! బోటు మునిగిపోతంది! ఎవులున్నా రండ్రా బాబూ!”

సింహాద్రి పొద్దున్నే చేపతో రేవుకు పోయాడు. నా రొద చావవలసిన చోట ఎవరూ లేరు. నాలుగు మైళ్ళ అవతల ఉన్నది పోలిరాజు ఒక్కడే. వాడికి వినిపించకుండా ఉండడానికే నేను పుట్టాను. వినిపించనివ్వలేదు.

ఎల్లాజీకి అప్పుడు మీట గుర్తొచ్చింది. గోళ్ళతో పీకాడు, సుత్తితో కొట్టాడు, గొడ్డలి వెనకతో బాదాడు. రెసిన్ ఇంత పెచ్చయినా ఊడలేదు, పనిమంతుడు మరి! నన్ను తెగ్గొడితే రేడియో గొంతూ పోతుంది. వాడు బాదుతూ, మధ్యలో నొక్కి అరుస్తూ, మళ్ళీ బాదుతూ ఏడ్చాడు.

“దానయ్యా, నీకూ నాకూ మద్దెన పూసినానురా దీన్ని. తప్పయిపోనాదిరా తమ్ముడూ.”

కిందినుంచి దానయ్య, “తర్వాతేడుద్దువు గాని, ముందు కేకెయ్యి!” అన్నాడు. అప్పటికి నీళ్ళు వాడి మెడ దాకా వచ్చాయి.

అరగంటయ్యాక పడమట ఒక బోటు కనిపించింది. అది పోలిరాజుది. తాడు విసిరి ఒక్కొక్కణ్ణీ లాక్కున్నాడు. దానయ్యను ఆఖర్న, జుట్టు పట్టుకుని లాగారు. ఎల్లాజీ నన్ను గోడ చెక్కతో సహా పీక్కుని చంకలో పెట్టుకుని ఎక్కాడు. వాడి వెనకే బోటు మునిగిపోయింది.

“నీకెలా ఇనిపించిందిరా?” అన్నాడు ఎల్లాజీ, పళ్ళు కొట్టుకుంటూ.

“ఏటినిపిత్తాది, నా బొంద! మూడు నెల్లుగా వానే గదా. నువ్వు నాలుగు ముక్కలు సెప్పి ఆపేత్తావు, వానా ఆగిపోద్ది. ఇయేళ ఆగీ ఆగీ మల్లీ వత్తానే ఉంది, పావుగంటైనా ఒదల్నేదు. సేప కోసం పావుగంట మాట్లాడీవోడు ఎవుడ్రా? రొద పెరిగేవేపు బోటు తిప్పుకుంటా వొచ్చీసినాను.”

ఒక్క మాట పొల్లుపోకుండా దాచానే! దాచిన గుట్టే వాడికి కబురయిందట. అంతకంటే అవమానం ఏ పెట్టెకైనా ఉంటుందా?

ఇప్పుడు నేను పోలిరాజు బోటులోనే ఉన్నాను. కడ్డీలు విరిగిపోయాయి, నా మీద టీ గ్లాసు పెట్టుకుంటాడు. వాడూ ఎల్లాజీ కలిసిపోయారనుకునేరు! వాడు ఇంకా చేప దొంగే. ఎల్లాజీ ఇప్పుడు సింహాద్రి బోటు నడుపుతున్నాడు, దానయ్య వాడి పక్కనే ఉంటాడు. వేటకు వచ్చిన ప్రతి పొద్దునా ఎల్లాజీ రేడియోలో తప్పు చోటు చెప్పి, చివర్న ఒక తిట్టు తగిలిస్తాడు.

“ఒరే పోలిగా, నీ సెవులు కోసి ఎరేసేత్తాను! ఇంటన్నావా?”

దొంగచాటుగా వినేవాడు జవాబు చెప్పకూడదు కదా. పోలిరాజు చెప్పడు. నా మీంచి గ్లాసు తీసి, వింటున్నానన్నట్టు రేడియో మీట రెండుసార్లు టక్కు టక్కుమని నొక్కుతాడు. అది వినిపించాకే ఎల్లాజీ వల దించుతాడు. ఆ రెండు టక్కుల్నీ మింగెయ్యడానికి ఒక్క కడ్డీ మిగిలినా బావుండేదని నాకు రోజూ ఒళ్ళు మండుతుంది.