మూడో చరణంలో ముందొచ్చే గొంతు

ఆ చర్చికి ఒక అలవాటుంది. ఎవరైనా గుమ్మంలో నిలబడి లోపలికి తొంగి చూస్తే చాలు, చివరి బెంచీలో వాళ్ళు "జరగండి, జరగండి" అంటూ ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని చోటు చేసేస్తారు. ఎవరి తాలూకు, ఎక్కడి నుంచి వచ్చారు, ఏం పని చేస్తారు అనేవి టీ తాగేటప్పుడు అడగాల్సిన సంగతులు. ముందు కూర్చోవాలి కదా!

రొట్టెల వ్యాను డ్రైవరు భార్యనీ కూతుర్నీ వెంటబెట్టుకుని మొదటిసారి వచ్చినప్పుడు కూడా అలాగే జరిగారు. అంతకుముందు ఉన్న చోట్లన్నిటిలో వెనక గోడకి ఆనుకుని నిలబడే ప్రార్థన చేసుకున్న మనిషి. ఇక్కడ బెంచీ మీద కూర్చోగానే అతనికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పక్కనున్న ముసలాయన కంగారుపడి, "ఏం బాబూ, బెంచీ గట్టిగా ఉందా?" అన్నాడు.

అంత మంచి చర్చిలో ఎవరూ కూర్చోని చోటు కూడా ఒకటుంది. పాటలు పాడే క్వైరు బెంచీలో ఎడమ చివర. అది వడ్రంగి మేస్త్రీది. ఆ చర్చిలో బెంచీలన్నీ ఆయన చేతి పనే. పోయిన క్రిస్మస్ అయిన కొన్నాళ్ళకే ఆయన పోయాడు. క్వైరులో ఎవరు పోయినా మళ్ళీ క్రిస్మస్ పాటలు మొదలయ్యేదాకా వాళ్ళ చోటు ఖాళీగా ఉంచుతారు. ఆ తర్వాత కొత్త మనిషిని పిలిచి నిలబెడతారు. చోటు ఖాళీగా వదిలేస్తే పాట కుంటుతుందని వాళ్ళ నమ్మకం.

క్రిస్మస్ ముందు వచ్చే ఆదివారాల్లో బల్ల మీద వారానికో కొవ్వొత్తి కొత్తగా వెలిగిస్తారు. మొదటి కొవ్వొత్తి వెలిగించిన రోజు, ఆరాధన అయ్యాక, హార్మోనియం టీచరు పాట సాధనకి డ్రైవరుని పిలిచింది.

"డ్రైవరుగారూ, మీరు రండి. ఆ చివర నిలబడండి."

"నేనా టీచరుగారూ? నేను పాడితే వ్యాను హారనే నయమంటుంది మా ఆవిడ."

"హారను కూడా కావాలి మాకు. రండి రండి."

చోటిచ్చినవాళ్ళు అడుగుతుంటే ఎలా కాదంటాడు?

వాళ్ళు పాడబోయేది ఆ చర్చి సొంత పాట. ఎప్పుడో ఒక పాత పాస్టరుగారు కట్టింది. క్రిస్మస్‌కి తప్ప పాడరు, బయట ఎక్కడా వినపడదు. డ్రైవరు చేతిలో కాగితం పెట్టుకుని ఎలాగోలా రెండు చరణాలు పక్కవాళ్ళ వెనకాల ఈడ్చుకొచ్చాడు. మూడో చరణానికి ముందు హార్మోనియం ఒక్కటే కాసేపు మోగి ఆగుతుంది. ఒక్క గుక్క ఊపిరి పీల్చుకునేంత నిశ్శబ్దం. ఆ తర్వాత అందరూ కలిసి ఎత్తుకోవాలి.

డ్రైవరు ఆ నిశ్శబ్దంలోనే ఎత్తుకున్నాడు. ఒక్కడే. లోతైన గొంతుతో, రంపం చెక్కలో దిగినట్టు నిదానంగా, ఎక్కడా తప్పకుండా.

మిగతావాళ్ళు పాడలేదు. టీచరు వేళ్ళు హార్మోనియం మెట్ల మీదే ఉండిపోయాయి.

డ్రైవరు సిగ్గుపడిపోయాడు. "తప్పు... తొందరపడ్డాను. మన్నించండి."

"తప్పని కాదు," అంది టీచరు మెల్లగా. "అక్కడ అలా ముందే ఎత్తుకునేది మేస్త్రీగారు. ఆయనొక్కరే. ఎన్ని క్రిస్మస్‌లు చెప్పినా మానలేదు. మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ."

క్వైరుకి ముందున్న బెంచీలో మేస్త్రీ భార్య కూర్చుని ఉంది. చర్చిలో అందరూ ఆమెని పెద్దమ్మ అంటారు. భర్త పోయినప్పటి నుంచీ తల దించుకుని వచ్చి తల దించుకుని పోయేది. ఆమె ఇప్పుడు తలెత్తింది. వెనక్కి మాత్రం తిరగలేదు. చెవి ఒక్కటి అటు పెట్టి, వీధిలో తెలిసిన అడుగుల చప్పుడు విన్నదానిలా కూర్చుంది.

రెండో కొవ్వొత్తి వెలిగేసరికి డ్రైవరుకి ఇంకొన్ని సంగతులు పట్టుబడ్డాయి. బెంచీ మీద కూర్చోగానే అతని అరచెయ్యి దానంతటదే చెక్క అంచు నిమురుతోంది. ఎదురు బెంచీ వీపున మోకాలెత్తున ఒక మేకు పొడుచుకొచ్చి ఉంది. క్వైరులో వాళ్ళందరి బట్టలకీ అది ఎప్పుడో ఒకప్పుడు చిరుగు పెట్టిందే. మేస్త్రీ మాత్రం మోకాలు పక్కకి వంచి లేచేవాడట. డ్రైవరు ఆ మేకుని చూడను కూడా చూడలేదు. అతని మోకాలే పక్కకి వంగింది.

అక్కడిదాకా పరవాలేదు. ఇంట్లో జరిగిందే అతన్ని వణికించింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కూతుర్ని పడుకోబెట్టడం అతని పని. వ్యాను మీద తనే కట్టిన పాటొకటుంది. రాగం ఉండదు, తాళం ఉండదు, మధ్యలో హారను మోత ఉంటుంది. బుడంకాయ అని పిలుచుకునే ఆ పిల్లకి అది లేకపోతే నిద్ర రాదు. ఆ రోజు పాట మొదలుపెట్టాడో లేదో, పిల్ల దుప్పటి తోసేసి గోడకి అతుక్కుపోయింది.

"ఏమైందే బుడంకాయా?"

"నువ్వు నాన్న కాదు."

"అదేంటే!"

"నాన్న తప్పుగా పాడతాడు. నువ్వు బాగా పాడుతున్నావు." పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. "మా నాన్నని పిలువు."

భార్య పరిగెత్తుకొచ్చి పిల్లని ఎత్తుకుంది. పక్క గదిలోంచి ఆ గొంతు ఆమె కూడా విన్నది. "ఇంట్లోకి ఎవరో పెద్దాయన వచ్చాడనుకున్నానయ్యా," అంది. ఆమె నవ్వుతూ అని ఉంటే బాగుండేది. నవ్వలేదు.

ఆ తర్వాత కూడా ప్రయత్నించాడు. కావాలని గొంతు పగలగొట్టుకుని, రాగం చెడగొట్టి పాడబోయాడు. నోట్లోంచి మాత్రం ఆ నిదానమైన గొంతే వచ్చింది. పిల్ల అతని దగ్గర పడుకోవడం మానేసింది.

మూడో కొవ్వొత్తి ఆదివారం, టీ గ్లాసులు కడుగుతున్న పెద్దమ్మ పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. చర్చి వెనక వంటగదిలో వాళ్ళిద్దరే ఉన్నారు. ఆమె కడిగి ఇస్తోంది, అతను తుడుస్తున్నాడు.

"పెద్దమ్మా, నేను ఆ చోట్లోంచి తప్పుకుంటానమ్మా."

గ్లాసు ఆమె చేతిలో ఆగింది. "క్రిస్మస్ అయ్యాక తప్పుకో నాయనా. ఈ ఒక్కసారీ విననీ."

"నేను కాదమ్మా పాడేది."

"తెలుసు. నాకు తెలీదనుకున్నావా? ఆ గొంతుతో కాపురం చేశాను." గ్లాసు అతని చేతికిచ్చింది. "ఎందుకు ముందే ఎత్తుకునేవాడో తెలుసా? అందరూ తొందరనుకునేవాళ్ళు. తొందర కాదు, భయం. ఆయనకి నిశ్శబ్దం పడదు. పనిలో సుత్తి మోతుండాలి, ఇంట్లో నేను వాగుతుండాలి. నేను అలిగి మూడంకె వేసుకుని పడుకుంటే ఖాళీ గిన్నెలు పట్టుకుని మోగించేవాడు, మహానుభావుడు."

నవ్వింది. నవ్వు పూర్తవకుండానే మొహం మారింది.

"ఇప్పుడు ఎంత నిశ్శబ్దంలో పడి ఉన్నాడో, దొరికిన గొంతు పట్టుకున్నాడు. ఏం చెయ్యను చెప్పు? తరిమెయ్యమంటావా?"

డ్రైవరు గ్లాసునే మళ్ళీ మళ్ళీ తుడిచాడు. "నా కూతురు నన్ను గుర్తుపట్టడం లేదమ్మా," అన్నాడు చివరికి.

కుళాయి నీళ్ళు పోతూనే ఉన్నాయి. పెద్దమ్మ కట్టలేదు.

"ముందే చెప్పొద్దూ," అంది.

క్రిస్మస్ పొద్దున చర్చి కిక్కిరిసిపోయింది. గుమ్మంలో ఎవరో రావడం, బెంచీలు జరగడం, మళ్ళీ ఎవరో రావడం. కొవ్వొత్తులన్నీ వెలుగుతున్నాయి. డ్రైవరు భార్య పిల్లని ఒళ్ళో పెట్టుకుని పెద్దమ్మ పక్కనే కూర్చుంది. పిల్ల తండ్రి వంక చూసి మొహం తిప్పేసుకుంది.

క్వైరు లేచి నిలబడింది. మోకాలు పక్కకి వంచుకుని డ్రైవరు కూడా లేచాడు. నోరు తెరవకూడదని పొద్దున్నే ఒట్టు పెట్టుకున్నాడు. మొదటి చరణం, రెండో చరణం పెదవులు బిగించి నిలబడ్డాడు. హార్మోనియం ఒంటరిగా మోగడం మొదలుపెట్టింది. అతని గొంతులో ఏదో పైకి లేస్తోంది. బయట వానలో చిక్కుకున్నవాడు తలుపు తోసినట్టు లోపలి నుంచి తోస్తోంది. పళ్ళు కరిచిపట్టాడు. మెడ నరాలు పొంగాయి.

అప్పుడు పెద్దమ్మ లేచి వెనక్కి తిరిగింది. క్వైరు వైపు చెయ్యి చాపి, కొత్తవాళ్ళు వచ్చినప్పుడు అనే మాటే, అలాగే అంది.

"జరగండి నాయనా, జరగండి. ఆయనకి కూడా కాస్త చోటివ్వండి."

ఎవరూ ఎందుకని అడగలేదు. ఆ చర్చిలో వాళ్ళకి అది అలవాటైపోయిన మాట. కుడి చివర నుంచి ఒక్కొక్కరే జరిగారు. డ్రైవరు కూడా ఒక్క అడుగు లోపలికి జరిగాడు. అతనికి ఎడమ పక్కన మనిషి పట్టేంత ఖాళీ ఏర్పడింది.

హార్మోనియం ఆగింది.

ఆ నిశ్శబ్దంలో, ఆ ఖాళీలోంచి, మూడో చరణం ముందే వచ్చింది.

డ్రైవరు నోరు మూసుకునే ఉన్నాడు. పక్కనున్న గాలి అతని భుజానికి తగిలి సన్నగా అదురుతోంది. టీచరు కళ్ళు మూసుకుని మెట్లు నొక్కింది. ఒకరి తర్వాత ఒకరు, వణుకుతూ, క్వైరంతా ఆ గొంతుకి తోడు కలిసింది. పెద్దమ్మ నిలబడే ఉంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకోలేదు. ఆమె కూడా పాడింది.

పాట అయ్యాక అందరూ కూర్చున్నారు. ఎడమ చివర బెంచీ చెక్క, మనిషి కూర్చుంటే కిర్రుమన్నట్టు, కిర్రుమంది. డ్రైవరు అరచెయ్యి అటు పెట్టి చూశాడు. చెక్క వెచ్చగా ఉంది.

ఆఖరి ప్రార్థనకి అందరితో పాటు లేవబోయాడు. మేకు అతని ప్యాంటుని మోకాలి దగ్గర పట్టుకుని బర్రున చింపేసింది. చర్మం కూడా గీసుకుపోయింది.

"అబ్బా!" అన్నాడు పైకే. పగిలిన గొంతు. సొంత గొంతు.

ముందు బెంచీలోంచి బుడంకాయ గిరుక్కున తిరిగింది.

"నాన్నా!" అంది.