కబురు దాచిన ఐదు గంటలు

ఆ శనివారం నేను చెయ్యాల్సినవి: మామగారికి మందులు, మా ఆయన చొక్కాకి ఇస్త్రీ, ఒంటిపూట బడి, పదో తరగతికి గురుత్వాకర్షణ పాఠం, మధ్యాహ్నం మా ఆయన ఆఫీసరుగారితో కలిపి ఆరుగురికి వంట.

“సూర్యుడు ఉన్నట్టుండి మాయమైతే భూమికి ఎప్పుడు తెలుస్తుంది?” అని అడిగాను క్లాసులో.

“వెంటనే టీచర్. పట్టు వదిలేస్తుంది కదా,” అంది ముందు బెంచీ పిల్ల.

కాదన్నాను. గురుత్వాకర్షణ కూడా వెలుగు వేగంతోనే వస్తుంది. ఏ కబురూ అంతకంటే ముందు చేరదు. ఎనిమిది నిమిషాలపాటు భూమి, లేని సూర్యుడి చుట్టూ తిరుగుతూనే ఉంటుంది.

“పాపం, పిచ్చిది,” అంది ఆ పిల్ల. అందరితోపాటు నేనూ నవ్వాను.

అప్పటికి మా అక్క చచ్చిపోయి గంటయింది. చొక్కా మడత పోలేదని బావ ఇస్త్రీపెట్టెతో తల మీద మూడు దెబ్బలు కొట్టాడు. తన చదువు మానుకుని, మా వంశంలో నన్ను మొదటి డిగ్రీదాన్ని చేసిన అక్క. క్లాసులో ఫోన్ ఉంచుకోనివ్వరు గనక, వాళ్ళ పక్కింటావిడ పదిన్నరకి మా ఆయనకి చేసింది.

నేను ఇంటికొచ్చాక ఆయన, “వాళ్ళొచ్చే టైమైంది, పొయ్యి సంగతి చూడు,” అన్నాడంతే. వండాను, వడ్డించాను. ఆఫీసరుగారు మెచ్చుకుంటే సిగ్గుపడ్డాను కూడా.

వాళ్ళు వెళ్ళాక, మూడున్నరకి, గిన్నెలు కడుగుతుంటే అత్తగారు గుమ్మంలోకొచ్చి, “మీ అక్క పోయిందిటే. పొద్దున్నే. చెప్తే వంట ఆగిపోతుందని వాడు ఊరుకున్నాడు,” అంది.

“ముందే చెప్తే బతికొచ్చేదా?” అన్నాడు ఆయన వెనకనుంచి.

చేతిలో ఉన్న గాజు గిన్నె ఆయన నుదుటి మీద పగిలింది. నేనే విసిరాను. రక్తం చూసి అత్తగారు గోడ పట్టుకుంది. నేను ఆగలేదు.

అక్క వాళ్ళ ఊళ్ళో బస్సు దిగేసరికి దహనం అయిపోయింది. బాత్రూములో జారిపడిందని బావ వాళ్ళు రాయించారట. పక్కింటావిడ నా చెయ్యి పట్టుకుని, “కిటికీలోంచి చూశానమ్మా. నువ్వొస్తే దహనం ఆపిస్తావని మీ ఆయనకి పదిన్నరకే చెప్పాను,” అంది.

ఆవిడని వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాను. ఇస్త్రీపెట్టె, మూడు దెబ్బలు, మా ఆయన దాచిన ఐదు గంటలు, నేను విసిరిన గిన్నెతో సహా చెప్పాను.

“మీ ఆయన సంగతెందుకమ్మా, కాపురం చెడుతుంది,” అన్నాడు రాసుకునేవాడు.

“రాయండి,” అన్నాను.

శరీరం లేని కేసు నిలుస్తుందో లేదో నాకు తెలీదు. మా అక్క జారిపడలేదు. మీరైనా గుర్తుపెట్టుకోండి.