ఓంప్రకాశ్ సేటు రెండో ఏసీ

మడికొండలో హైదరాబాద్ రోడ్డు పక్కన యమునకు ఏసీ రిపేరు షాపు ఉంది. ఒక షట్టరు, దాని ముందు రేకుల పందిరి, అంతే. ఐటీఐ చదివిన నాటి నుంచి పదకొండేళ్లుగా ఆమె చేస్తున్నది ఆ పనే. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి హనుమకొండ దాకా ఆమె ఎక్కి దిగని డాబా లేదు. అయినా కొత్తగా వచ్చినవాళ్లు మెకానిక్కు ఎక్కడైనా కూర్చున్నాడేమోనని ఆమె భుజం మీదుగా లోపలికి తొంగిచూసేవాళ్లు.

ఓంప్రకాశ్ సేటూ అలాగే చూశాడు.

ఆయనది హనుమకొండ చౌరస్తాలో స్టీలు సామాన్ల దుకాణం. రెండేళ్ల కిందట పాత మినీబస్సు ఒకటి కొని, సీట్లు పీకించి, సినిమావాళ్ల కారవాన్ లాగా చేయించుకున్నాడు. ముందు సగంలో సోఫాలు, టీవీ. మధ్యలో బాత్రూము, పొయ్యి గట్టు. వెనక తలుపు వేసుకునే చిన్న గది, అందులో ఒక మంచం. సోఫాలకు సరిగ్గా నెత్తి మీద ఏసీ. బండి ఆగినప్పుడు ఆ ఏసీని నడపడానికి డిక్కీలో ఒక జనరేటరు.

మే నెల మొదట్లో ఒక పొద్దున ఆ బండిని షాపు ముందు ఆపించి, దిగకుండానే కిటికీలోంచి అడిగాడు.

"మెకానిక్ లేడా?"

"నేనే సేటు. చెప్పుండ్రి."

"నువ్వు కాదమ్మా. ఏసీలు చేసేటాయన."

"చేసేటిది నేనే."

ఆయన డ్రైవరు వైపు చూసి నవ్వాడు. జీతం తీసుకుంటున్నాడు కాబట్టి డ్రైవరూ నవ్వాడు.

"వెనక రూంల ఇంకో ఏసీ పెట్టాలె. అయితదా నీతోని?"

యమున బండెక్కింది. వెనక గదిలో మంచం మీద ఒకావిడ కూర్చుని పెళ్లిపత్రికతో విసురుకుంటోంది. యాభై దాటిన మనిషి, సేటు భార్య కళావతి. ముందు ఏసీ నడుస్తూనే ఉంది, కానీ ఆ చల్లదనం బాత్రూము గోడ దాటి ఇటు రావడం లేదు. ఆమె జాకెట్టు వీపంతా తడిసి ఉంది. యమున ఆమె చేతుల నిండా ఉన్న బంగారు గాజులు చూసి, ఈమె కూడా ఆయన బాపతే అనుకుంది. ఆమెను ఏమీ అడగలేదు. కిందికి దిగి, డిక్కీ తెరిచి, జనరేటరు మీది రేకు ముక్క చదివింది. మూడు కేవీఏ, చిన్నదే.

"సేటు, ఈ జనరేటర్ ఒక్క ఏసీకే. నడిచేటప్పుడు తినేది వేరే, స్టార్టయ్యేటప్పుడు గుంజేది వేరే. స్టార్టయ్యేటప్పుడు మూడు నాలుగంతలు గుంజుతది. రెండు ఒక్కసారి ఏస్తే దీనికి దమ్ము సాలది. పెద్దది పెట్టుకోండ్రి, లేకుంటే..."

"పెద్దదానికి డిక్కీల జాగ లేదు. మా ఇంట్ల నాలుగు ఏసీలున్నయి. ఒక్కనాడు బందు గాలే."

"ఇంటికి కరెంటు స్తంభం మీదికెల్లి వస్తది. దీనికి ఈ డబ్బాలకెల్లే రావాలె."

"నాకు కరెంటు సంగతి జెప్తానవా? చేతగాకుంటే చేతగాదను. ఊకె గీ ముచ్చట్లెందుకు?"

వెనక కిటికీ అద్దం జరిగింది. కళావతి తల బయటికి పెట్టింది. "లేకుంటే అన్నవు. లేకుంటే ఏంది?"

యమున నోరు తెరిచేలోపే సేటు డ్రైవరు భుజం తట్టాడు. బండి కదిలింది. కళావతి చెయ్యి చాపితే యమున పరుగున వెళ్లి తన కార్డు ఇచ్చింది. ఎందుకిచ్చానా అని తరువాత తనకే విసుగేసింది.

ఆ పని సేటు మేనల్లుడు భానుచందర్ చేతికి పోయింది. భానుచందర్‌కు కార్ల స్టిక్కర్ల షాపు ఉంది. అద్దాలకు నల్ల ఫిల్మ్ వేయడం, డోర్లకు స్పీకర్లు బిగించడం వచ్చు. దాన్నిబట్టి తనకు అన్నీ వచ్చనుకునేవాడు. "మామా, నువ్వు ఫికర్ జెయ్యకు, నాకు ఇడ్సిపెట్టు" అని బండి తీసుకుపోయి, టాపు కోసి, వెనక గది మీద రెండో ఏసీ బిగించాడు. రెండింటినీ ఒకే వైరుకు కలిపాడు. పరీక్షించేటప్పుడు బండిలో లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే ఎంసీబీ రెండుసార్లు పడిపోయింది. ఎందుకు పడుతోందో ఆలోచించే బదులు దాన్ని తీసేసి ఇంకా పెద్దది పెట్టాడు. తర్వాత బండిని సేటు ఇంటి ముందు నిలబెట్టి, ఇంటి కరెంటుకు కలిపి రెండు ఏసీలూ వేశాడు. రెండూ హాయిగా నడిచాయి. సేటు కొబ్బరికాయ కొట్టి, ఫోటో తీయించి, వాట్సాప్‌లో తనకున్న గ్రూపులన్నిటికీ పంపాడు. దాని కింద, 'వరంగల్‌లో మొదటి డబుల్ ఏసీ కారవాన్' అని రాశాడు. అది మొదటిదో కాదో ఆయనకూ తెలియదు.

వారం తిరగకముందే లక్నవరం చెరువుకు ప్రయాణం పెట్టాడు. పేకాటకు ముగ్గురు స్నేహితులను ఎక్కించుకున్నాడు. కళావతి ఎప్పటిలాగే వెనక గదిలో కూర్చుంది. వాళ్లలో పెద్దవాడు బట్టల వ్యాపారి పాండురంగం. గుడెప్పాడు దగ్గర కొమురెల్లి అనే ఆయన హోటలు ముందు భోజనాలకు బండి ఆపారు. అప్పటికి పన్నెండున్నర. రోడ్డు మీద తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. సేటు జనరేటరు వేయించి, రెండు ఏసీలూ తన చేత్తోనే ఆన్ చేశాడు. ముందుది నడిచింది. వెనకది అందుకోబోతుండగా జనరేటరు ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. మళ్లీ వేశారు, మళ్లీ ఆగింది. నాలుగోసారి కాలిన వాసన వచ్చింది.

అప్పుడు సేటు హోటల్లోకి పోయి, కొమురెల్లిని అడగకుండానే, ఫ్రిజ్ ప్లగ్గు పీకి తన వైరు పెట్టించాడు. ఐదు నిమిషాలకు వైరు మెత్తబడింది, పది నిమిషాలకు హోటలు ఫ్యూజు ఎగిరిపోయింది. ఫ్యాన్లు ఆగాయి. తింటున్నవాళ్లు చేతులు కడుక్కుని బయటికి వచ్చి చూశారు.

"ఏం సేటు, ఎవల్నడిగి పెట్టినవ్?" అన్నాడు కొమురెల్లి.

"ఎందుకంత లొల్లి? నీ హోటల్‌కన్న నా బండి ఖరీదెక్కువ."

"అయితే నీ బండిలనే కరెంటు పుట్టిచ్చుకో" అని కొమురెల్లి ఆ వైరును చుట్టి బండి మెట్టు మీద పడేశాడు.

కళావతి ఫోను చేసినప్పుడు యమున అన్నం తింటోంది. కళావతి తన పేరు చెప్పి, ఎక్కడున్నదీ ఏం జరిగిందీ నాలుగు మాటల్లో చెప్పింది. ఆ గొంతులో బతిమాలడం లేదు.

"సేటు రమ్మన్నడా?" అని అడిగింది యమున.

"ఆయనకు తెల్వది. నేనే పిలుస్తాన."

యమున స్కూటీ తీసింది. మడికొండ నుంచి గుడెప్పాడుకు ఆ ఎండలో గంటకు పైనే పడుతుంది. సాయం చేయడానికే వెళ్లానని ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆయన మొహం చూడాలనిపించింది, అందుకే వెళ్లింది.

ఆ మొహం ఆమె కోరుకున్నట్టే ఉంది. సేటు ఒట్టి బనీనుతో హోటలు బయటి బెంచీ మీద కూర్చుని, పేకముక్కలు కట్టగా పట్టుకుని వాటితోనే విసురుకుంటున్నాడు. స్నేహితులు లేరు. ములుగు వైపు నుంచి వచ్చిన ఆర్టీసీ ఏసీ బస్సెక్కి ముగ్గురూ హనుమకొండకు తిరిగి వెళ్లిపోయారని డ్రైవరు చెప్పాడు. పాండురంగం ఎక్కేముందు కనీసం వెనక్కి తిరిగి చూడలేదట. ఇంతకాలం వాళ్లు వచ్చింది సేటు కోసం కాదని, చల్లటి సోఫా కోసమని యమునకు అర్థమైంది. సేటుకు కూడా అర్థమైనట్టే ఉంది. అయినా ఆమెకు జాలి కలగలేదు.

"నువ్వెందుకొచ్చినవ్?" అన్నాడాయన.

"నేను పిలిచిన" అంది కళావతి. ఆమె బండి నీడలో స్టూలు వేసుకుని కూర్చుంది. ముఖం కమిలిపోయి ఉంది.

యమున డిక్కీ తెరిచి చూసింది. జనరేటరు చావలేదు, దానికున్న సొంత బ్రేకరు దాన్ని కాపాడింది. కాలింది భానుచందర్ పెట్టిన జాయింటు. దాని మీద చుట్టిన టేపు కరిగి నల్లటి జిగురై కారింది. యమున పెద్ద ఎంసీబీ మీద వేలు పెట్టి చూపించింది.

"సేటు, ఇది పడిపోయేది మిమ్ముల బతికియ్యనీకే. దీన్ని తీసి పెద్దది పెట్టినోడెవడో గని, ఇంక జరసేపయితే బండి మొత్తం అంటుకునేది. అక్క ఎనక తలుపేసుకొని పండుకొని ఉంటే?"

సేటు పేకముక్కల కట్టను సర్దుకున్నాడు. "మావోడు పిల్లగాడు. తెల్వక చేసిండు" అన్నాడు.

"తెలిసిన మనిషి ముందుగాల చెప్పింది" అంది కళావతి. గొంతు పెంచలేదు. "చేతగాదన్నవు."

ఆమె యమున వైపు తిరిగింది. "ఆనాడు లేకుంటే అన్నవు. ఇప్పుడు జెప్పు."

"లేకుంటే చేంజోవర్ స్విచ్ అక్కా. రెండు ఏసీలు ఉంటయి, ఒక్కసారి ఒక్కటే నడుస్తది. ముందరికి తిప్పితే ముందరిది, ఎనకకు తిప్పితే ఎనకది. మధ్యల మూడు నిమిషాలు ఆగాలె. అట్లయితే ఈ జనరేటరే చాలు."

"మంచిగుంది" అన్నాడు సేటు బెంచీ మీద నుంచి లేస్తూ. "సోఫా పక్కకు పెట్టు. నా చేతికి అందేటట్టు."

"మంచం పక్కకు" అంది కళావతి.

ఆయన నవ్వాడు. ఈసారి డ్రైవరు నవ్వలేదు. "నీకేం తెలుస్తది స్విచ్ సంగతి? బండి నాది."

"బండి నా పేరు మీదున్నది. ఇన్‌కంటాక్సోళ్లకు భయపడి నువ్వే రాపిచ్చినవ్. సంతకం పెట్టుమంటే పెట్టిన, ఏందని అడగలే." ఆమె స్టూలు మీద నుంచి లేచింది. "రెండేండ్లు ఎనక రూంల ఉడికిన. మీరు నలుగురు ముందర దుప్పట్లు కప్పుకొని ఆడుకున్నరు. ఇప్పుడు ఎనకది నడవాలె. చెల్లె, ఇప్పటికైతే ముందుదాని వైరు పీకు."

యమున సేటు వైపు చూడలేదు. కాలిన జాయింటు కోసేసి, ముందు ఏసీ వైరు పీకి, కొసలకు టేపు చుట్టింది. వెనక ఏసీని ఒక్కదాన్నే కలిపి జనరేటరు వేసింది. ఈసారి మూలగలేదు. వెనక గదిలో చల్లగాలి మొదలయ్యాక కళావతి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. యమునకు ఒక్క మెచ్చుకోలు మాటైనా చెప్పలేదు. ఆమె తన పక్షాన నిలిచిందని యమున ఒక నిమిషం అనుకుంది కానీ, అది నిజం కాదు. కళావతికి కావలసింది నిద్ర. అది ఇప్పించగలిగిన మనిషి యమున, అంతే. ఆ గాజులు చూసి తానేమనుకుందో గుర్తొచ్చి యమునకు కాస్త సిగ్గేసింది. ఆ మొదటి రోజే ఆమెనొక మాట అడిగి ఉంటే బాగుండేది.

సేటు బండెక్కి, సోఫా మీద కూర్చుని, వేడికి తట్టుకోలేక మళ్లీ దిగాడు. కొమురెల్లి ఫ్యూజు వేసుకుని, ఫ్యాన్లు తిరుగుతుంటే ఆయన వైపు చూస్తూ టేబుళ్లు తుడుస్తున్నాడు. లోపలికి వచ్చి కూర్చోమని అనలేదు.

మర్నాడు యమున ముందు ఏసీని మళ్లీ కలిపి, మంచం తలగడ పక్కన ఆ చేంజోవర్ స్విచ్చి బిగించింది. దానికి తాళం ఉన్న డబ్బా కావాలని కళావతి అడిగితే అదీ పెట్టింది.

జూన్‌లో ఫిల్టర్లు కడగడానికి రమ్మంటే యమున హనుమకొండకు వెళ్లింది. ఇంట్లో కరెంటు లేదు; ఇంటి ముందున్న బండిలో వెనక ఏసీ జనరేటరు మీద నడుస్తోంది. కళావతి లోపల ఉంది, వెనక గది తలుపు మూసి ఉంది. సేటు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన ఎవరో కొత్తాయన, పత్తి వ్యాపారి, తానూ కారవాన్ కొంటానని చూడ్డానికి వచ్చాడు.

"రెండు ఏసీలు ఒక్కసారి ఎయ్యొద్దు" అని సేటు ఆయనకు చెబుతున్నాడు. "స్టార్టింగ్ల మూడు నాలుగంతలు గుంజుతది. నేను ఆలోచన చేసి చేంజోవర్ పెట్టిచ్చిన. మనం చెప్తే తప్ప ఈ మెకానిక్కులకు ఏం తెల్వది."

యమున పక్క నుంచే దాటుకుని బండెక్కింది. వ్యాపారి ఆమె వెనక చూశాడు, మెకానిక్కు ఎప్పుడొస్తాడా అని.

"ముందుది ఎయ్యి చూద్దాం" అన్నాడాయన సేటుతో.

సేటు లేచాడు. సోఫాలు దాటి, పొయ్యి గట్టు దాటి, వెనక గది తలుపు ముందు నిలబడి, వేలి కణుపుతో మెల్లగా తట్టాడు. లోపలి నుంచి జవాబు రాలేదు. ఆయన ఇంకోసారి తట్టాడు.